క్రూజ్ ఎక్స్‌కర్షన్లలో గైడుకు, డ్రైవరుకు టిప్పు: ఎంత, ఎప్పుడు, ఎలా?

వేళచ్చేరి నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. వచ్చే మే నెలలో భర్త, అత్తమామలు, ఇద్దరు పిల్లలతో కలిసి ఆరుగురుగా బార్సిలోనాలో క్రూజ్ ఎక్కి మార్సెయ్, జెనోవా, రోమ్, నేపుల్స్ చూసి రావడానికి బయలుదేరుతున్నారు. నౌకవారు తలకు రోజుకు ఇంత అని సర్వీస్ చార్జీ ముందుగానే వసూలు చేశారు. మార్సెయ్, రోమ్, నేపుల్స్ దగ్గరి పాంపే శిథిలాల ఎక్స్‌కర్షన్లకు, అంటే రేవులో దిగి చుట్టుపక్కల చూసి రావడానికి, కూడా నౌక ద్వారానే డబ్బు కట్టేశారు. ఇన్ని కట్టాక ఒడ్డు మీద గైడుకు, డ్రైవరుకు మళ్లీ టిప్పు ఇవ్వాలా, ఇస్తే ఎంత, ఇద్దరికీ విడివిడిగా ఇవ్వాలా, ఇవ్వకపోతే తప్పుగా అనుకుంటారా అన్నది వారి సందేహం. "అంతా కట్టేశాం కదా, ఇంకా ఎందుకు?" అని మామగారు అంటున్నారట.

ఇవ్వండి, ఇద్దరికీ విడివిడిగానే ఇవ్వండి. మీ ఆరుగురికీ కలిపి నా లెక్క ఇలా ఉంటుంది. నాలుగైదు గంటల ఎక్స్‌కర్షన్‌కు గైడుకు 10 యూరోలు, డ్రైవరుకు 5 యూరోలు. రోమ్ లాంటి రోజంతా సాగే ఎక్స్‌కర్షన్‌కు గైడుకు 20, డ్రైవరుకు 10. ఇది నలభై, యాభై మంది ఎక్కే పెద్ద బస్సు లెక్క. మీ కుటుంబం కోసమే ఒక వ్యాను మాట్లాడుకుంటే లెక్క వేరు, దాని గురించి కింద రాశాను. టిప్పు ఇవ్వాలన్న నిబంధన ఎక్కడా లేదు. ఇవ్వనంత మాత్రాన ఎవరూ మిమ్మల్ని ఆపరు, ఏమీ అనరు. అయితే మీరు ఇప్పటిదాకా కట్టిన ఏ రుసుములోనూ ఆ ఇద్దరికి ఇవ్వవలసిన టిప్పు కలిసి లేదు. ఈ ఒక్క సంగతి స్పష్టమైతే మిగతా సందేహాలు చాలావరకు వాటంతట అవే తీరుతాయి.

చెన్నైలో నేను చేసే పనికి రెండు వైపులున్నాయి. ఇక్కడి తెలుగు, తమిళ కుటుంబాలను క్రూజ్‌లకు పంపించడం, కొన్ని బృందాల వెంట స్వయంగా వెళ్లడం ఒకటి. చలికాలంలో చెన్నై రేవుకు వచ్చే విదేశీ నౌకల ప్రయాణికులకు బస్సులు, గైడ్లు ఏర్పాటు చేయడం రెండోది. అందువల్ల టిప్పు ఇచ్చేవారి సంకోచం, పుచ్చుకునేవారి ఎదురుచూపు రెండూ నాకు తెలుసు.

ముందుగా డబ్బు ఎటు వెళుతుందో చెబుతాను. నౌకలో తలకు రోజుకు వేసే సర్వీస్ చార్జీ కంపెనీని బట్టి సుమారుగా 12 నుంచి 20 డాలర్ల మధ్య ఉంటుంది. అది మీ క్యాబిన్ శుభ్రం చేసేవారికి, భోజనశాలలో వడ్డించేవారికి, వంటశాలలోను, బట్టలుతికే చోట కంటికి కనపడకుండా పనిచేసేవారికి ఉద్దేశించిన సొమ్ము. వీరంతా నౌక సిబ్బంది. ఒడ్డున మిమ్మల్ని తిప్పే గైడు, డ్రైవరు ఆ సిబ్బందిలోని వారు కారు. క్రూజ్ కంపెనీ ప్రతి రేవులోను ఒక స్థానిక ఏజెంటుతో ఒప్పందం చేసుకుంటుంది. ఆ ఏజెంటు బస్సులను ఒక యజమాని దగ్గర అద్దెకు తీసుకుంటాడు, గైడ్లను రోజు కూలి పద్ధతిలో పిలుస్తాడు. మీరు ఎక్స్‌కర్షన్‌కు కట్టిన ధరలో కంపెనీ లాభం, ఏజెంటు లాభం, బస్సు అద్దె, టికెట్లు అన్నీ పోగా గైడుకు చేరేది ముందుగా మాట్లాడుకున్న రోజు కూలి మాత్రమే. బస్సులో ఇరవై మంది ఉన్నా, నలభై ఐదు మంది ఉన్నా ఆ కూలి సాధారణంగా మారదు. డ్రైవరు బస్సు యజమాని దగ్గర జీతగాడు. మీరు కట్టిన ధర ఎంతో అతనికి తెలియను కూడా తెలియదు.

చెన్నైలో ఇది దగ్గరి నుంచి కనిపిస్తుంది. విదేశీ నౌక ఉదయం రేవుకు చేరుతుందంటే బస్సులు తెల్లవారకముందే రేవు గేటు దగ్గర వరుస కట్టాలి. పాసులు చూపించి లోపలికి వెళ్లాక, ప్రయాణికులు టిఫిను ముగించుకుని దిగేదాకా డ్రైవరు బస్సులోనే కూర్చుని ఉంటాడు. అక్కడి నుంచి మహాబలిపురానికి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద సుమారు 60 కిలోమీటర్లు. తీరదేవాలయం, పంచరథాలు, అర్జున తపస్సు చూపించేటప్పుడు గైడు ఎండలో గొంతు చించుకుంటాడు, డ్రైవరు పార్కింగులో బస్సు వేడెక్కిపోకుండా ఏసీ చూసుకుంటాడు. తిరిగి వచ్చాక రేవులో బస్సు ఆగగానే డ్రైవరు ముందుగా దిగి, మెట్టు ఎత్తుగా ఉంటుందని తలుపు కింద ఒక చిన్న ప్లాస్టిక్ స్టూలు వేసి, పెద్దవయసువారు దిగుతుంటే మోచేతి దగ్గర చేయి ఆనించి నిలబడతాడు. గైడు పక్కన నిలబడి ఒక్కొక్కరికీ వీడ్కోలు చెబుతాడు. ప్రయాణికుల్లో చాలామంది గైడు చేతిలో మడిచిన నోటు పెట్టి, స్టూలు మీద అడుగు వేసి, ఆ స్టూలు వేసిన మనిషి వంక చూడకుండానే నౌక వైపు నడిచి వెళ్లిపోతారు. ఆ దృశ్యం చూసిన ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది. అందుకే మా ద్వారా వెళ్లే ప్రతి కుటుంబానికీ నేను మొదట చెప్పే మాట డ్రైవరు గురించే.

గైడు తన వాటాలో కొంత డ్రైవరుకు పంచుతాడులే అని చాలామంది అనుకుంటారు. కొందరు గైడ్లు నిజంగానే పంచుతారు, అది వారి మంచితనం. దాని మీద ఆధారపడకండి. ఒకవేళ మీరు బస్సు దిగే తలుపు వెనకదైతే, డ్రైవరు తన సీటులోనే ఉండిపోతే, రెండు అడుగులు ముందుకు నడిచి వెళ్లి అతని చేతికే ఇవ్వండి.

మన దగ్గర డ్రైవరు బత్తాకు అలవాటు పడినవారికి ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. చెన్నై నుంచి తిరుపతికి కారు మాట్లాడుకుంటే బత్తా బిల్లులోనే ఉంటుంది, మనం దానినే టిప్పుగా లెక్కవేసుకుంటాం. యూరప్ ఎక్స్‌కర్షన్లలో డ్రైవరుకు ప్రయాణికుల బిల్లులో అలాంటి పద్దు ఏదీ ఉండదు. అక్కడ జీతాలు మన కంటే మెరుగే కాబట్టి టిప్పు లేకపోతే వారి ఇల్లు గడవదని నేను అనను. అయినా రోజంతా మన ప్రాణాలను చేతిలో పెట్టుకుని కొండ దారుల్లో నడిపిన మనిషికి కృతజ్ఞత తెలపడానికి ఒక్కొక్కరి తరఫున ఒకటిన్నర యూరో ఎక్కువ కాదని నా అభిప్రాయం.

మీ రోమ్ రోజు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే టిప్పు తప్పిపోయేది ఎక్కువగా అక్కడే. నౌక ఆగే చివితావెక్కియా రేవు రోమ్ నగరానికి సుమారు 75 కిలోమీటర్ల దూరంలో ఉంది, బస్సులో గంటన్నర పడుతుంది. బస్సులో మీతో వచ్చే వ్యక్తి ఒకరు, వాటికన్ మ్యూజియంలోనో కొలోసియంలోనో చెవికి తగిలించుకునే పరికరాల ద్వారా వివరించే లైసెన్సు ఉన్న గైడు మరొకరు కావడం అక్కడ మామూలు. ఆ రెండో గైడు తన వంతు ముగియగానే అక్కడికక్కడే సెలవు తీసుకుని వెళ్లిపోతారు. చివర్లో బస్సు దిగేటప్పుడు ఇద్దామని మీరు అనుకుంటే అప్పటికి ఆ గైడు ఉండరు. ఉదయం బస్సు కదలగానే "ఈ రోజంతా మాతో మీరే ఉంటారా, లోపల వేరే గైడు వస్తారా?" అని అడగండి. వేరే గైడు వచ్చేటట్లయితే నేను చెప్పిన 20 యూరోలను రెండుగా చేసి, లోపల వివరించినవారికి 10 అక్కడే ఇచ్చేయండి, బస్సులో వచ్చినవారికి మిగతా 10 రేవులో ఇవ్వండి. కొన్ని ఎక్స్‌కర్షన్లలో గైడు ఉండరు, బస్సులో రోమ్ దాకా తీసుకెళ్లి వదిలి, సాయంత్రం మళ్లీ ఎక్కించుకుంటారు. అటువంటప్పుడు డ్రైవరుకు 10 ఇస్తే చాలు, వెంట వచ్చిన సహాయకులకు 5 ఇస్తే సంతోషిస్తారు.

రోమ్ నగరం నడిబొడ్డులోకి పెద్ద బస్సులు రావడానికి ఆంక్షలున్నాయి. అందువల్ల మిమ్మల్ని ఒకచోట దింపి, మరోచోట ఎక్కించుకుంటారు, మధ్యలో నడక తప్పదు. "అత్తగారికి మోకాళ్ల నొప్పి, బస్సును ఇక్కడికే తెప్పించండి" అని గైడును ఒత్తిడి చేసి, వీలుకాదనగానే టిప్పు తగ్గించినవారిని నేను చూశాను. అది డ్రైవరు మొండితనం కాదు. అంతేకాక ఐరోపా సంఘం నియమాల ప్రకారం నాలుగున్నర గంటలు నడిపాక డ్రైవరు 45 నిమిషాలు విశ్రాంతి తీసుకోవాలి, మామూలుగా రోజుకు 9 గంటలకు మించి నడపకూడదు. బస్సులోని యంత్రం దానిని నమోదు చేస్తూ ఉంటుంది. దారిలో మరో చోటికి తిప్పమని అడిగినా, మరికాసేపు ఆగమని అడిగినా ఆయన ఒప్పుకోలేకపోవడానికి ఇది కూడా కారణం. మీ అత్తగారికి నడక కష్టమైతే ఆ సంగతి నౌకలోని ఎక్స్‌కర్షన్ డెస్కుకు ముందే చెప్పి, నడక తక్కువగా ఉండే ఎక్స్‌కర్షన్‌కు మార్చుకోవడం మేలు.

అడగకుండానే పెద్దవారిని కనిపెట్టుకునే గైడ్లు కూడా ఉంటారు. పాంపేలో దారులన్నీ పాతకాలపు ఎత్తుపల్లాల రాళ్లు. నేను వెంట వెళ్లిన ఒక బృందంలో డెబ్భై దాటిన ఒక పెద్దావిడ సగం దూరంలోనే ఇక నడవలేనన్నారు. గైడు ఆమెను నీడలో ఒక రాతి అరుగు మీద కూర్చోబెట్టి, బృందాన్ని ఆ చుట్టుపక్కలే తిప్పి, పది నిమిషాలకోసారి వచ్చి పలకరించి, చివరికి తన చేయి ఆసరా ఇచ్చి మెల్లగా గేటు దాకా నడిపించుకు వచ్చింది. అలాంటి సేవకు మామూలు లెక్క సరిపోదు. మీ కుటుంబం మొత్తం ఇచ్చేది 10 అయితే దానికి మరో 10 కలపండి. ఆ తరువాత నౌకలో ఇచ్చే అభిప్రాయ పత్రంలో గైడు పేరు రాయండి. పేరుతో వచ్చిన మెప్పును ఏజెంట్లు గుర్తుపెట్టుకుంటారు, తరువాతి నౌకకు ముందుగా పిలిచేది వారినే. ఆ పేరు గుర్తుండాలంటే ఉదయం గైడు తన పేరు చెప్పినప్పుడే ఫోనులో రాసిపెట్టుకోండి.

ఇక ఇచ్చే పద్ధతి. గైడుకైనా డ్రైవరుకైనా ఎక్స్‌కర్షన్ పూర్తయ్యాక, దిగేటప్పుడే ఇవ్వాలి. నోట్లు రెండుగా మడిచి, కరచాలనం చేస్తున్నట్లు చేతిలో పెట్టి, కళ్లలోకి చూసి ఒక మంచి మాట చెప్పండి. లెక్కపెడుతూ ఇవ్వవద్దు, "ఇది మా ఆరుగురిదీ" అని ఒక్క మాట చెబితే మాత్రం ఉపయోగం ఉంటుంది, లేకపోతే మీ వెనక దిగే పిల్లలు, పెద్దలు ఇవ్వలేదేమిటా అన్న సందేహం వారికి కలగవచ్చు. వెనక నలభై మంది వరుసలో ఉంటారు కాబట్టి అప్పటికప్పుడు పర్సు తెరిచి వెతుక్కోవడం ఇబ్బంది. ఉదయం క్యాబిన్‌లో బయలుదేరేటప్పుడే గైడు సొమ్ము ఒక జేబులో, డ్రైవరు సొమ్ము మరో జేబులో వేసుకోమని మా వాళ్లకు చెబుతాను. పిల్లలు కాస్త పెద్దవారైతే డ్రైవరుకు వారి చేత ఇప్పించండి. డ్రైవర్లు దానికి ఎంతగానో మురిసిపోతారు.

మన తెలుగు బృందాల్లో అందరి దగ్గరా వసూలు చేసి ఒకరు కలిపి ఇచ్చే అలవాటు ఉంది. ఇరవై మంది బంధువులు కలిసి వెళితే అది మంచి పద్ధతే. ముందు రోజు రాత్రే కవర్లో పెట్టి, ఎవరు ఇస్తారో నిర్ణయించుకుని, అందరూ దిగేలోపు ఇవ్వాలి. బస్సు ఆగాక వసూలు మొదలుపెడితే సగం మంది అప్పటికే దిగిపోయి ఉంటారు, పోగైనది చూసి ఇచ్చేవారికే మొహమాటంగా ఉంటుంది. మీతో సంబంధం లేని ప్రయాణికులు ఎవరైనా బస్సులో టోపీ తిప్పి వసూలు చేస్తుంటే, మర్యాదగా "మేము విడిగా ఇస్తాం" అని చెప్పవచ్చు.

చిల్లర నోట్లు చెన్నైలోనే తీసుకుని బయలుదేరండి. టి.నగర్‌లో అయినా, అన్నాసాలైలో అయినా మనీ చేంజర్ దగ్గరికి వెళ్లి డబ్బు ఇవ్వగానే మన చేతికి వచ్చేవి 50, 100 యూరోల నోట్లే. రెండు మూడు రోజుల ముందు ఫోను చేసి 5, 10 యూరోల నోట్లు కావాలని చెప్పి ఉంచితే చాలామంది తెప్పించి ఇస్తారు. యూరోలో అన్నిటికన్నా చిన్న నోటు 5 యూరోలదే. ఒకటి, రెండు యూరోలు నాణేలుగానే ఉంటాయి, అవి ఇక్కడ దొరకడం కష్టం. అందుకే మీ కుటుంబానికి తలసరి లెక్క కాకుండా మొత్తంగా లెక్క చెప్పాను. మూడు ఎక్స్‌కర్షన్లకు మార్సెయ్‌లో 15, రోమ్‌లో 30, పాంపేలో 15 కలిపి 60 యూరోలు అవుతాయి. అనుకోని మంచి సేవకు మరో 20 కలుపుకుంటే 80. పది యూరోల నోట్లు నాలుగు, ఐదు యూరోల నోట్లు ఎనిమిది తీసుకుంటే ఎక్కడా చిల్లరకు ఇబ్బంది పడరు. యూరో వంద రూపాయల చుట్టూ ఉన్న ఈ రోజుల్లో ఇది దాదాపు ఎనిమిది వేల రూపాయలు. ఆరుగురి క్రూజ్ ఖర్చులో దీనిని మొదటే ఒక పద్దుగా రాసుకుంటే ప్రతి రేవులోను మనసులో తర్జనభర్జన పడనక్కరలేదు.

చిన్న నోట్లు దొరకకపోతే నౌకలోని గెస్ట్ సర్వీసెస్ కౌంటరులో పెద్ద నోటు మార్పించుకోవచ్చు. అది నౌక ఎక్కిన మొదటి సాయంత్రమే చేయండి. రేవు చేరిన ఉదయం అక్కడ వరుస పెద్దదిగా ఉంటుంది, చిల్లర కూడా అయిపోతుంది. మన యూపీఐ ఆ గైడ్ల దగ్గర పనికిరాదని గుర్తుంచుకోండి. పర్సులో మిగిలిన పది, ఇరవై సెంట్ల నాణేలన్నీ గుప్పెట్లో పోసి టిప్పుగా ఇవ్వడం మాత్రం చేయవద్దు. ఏమీ ఇవ్వకపోవడం కంటే అది ఎక్కువ నొప్పిస్తుంది. రూపాయల్లో ఇవ్వడం కూడా సబబు కాదు, వాటిని మార్చుకోవడం వారికి సాధ్యం కాదు.

మీ కుటుంబానికి మాత్రమే వ్యాను మాట్లాడుకునే సందర్భంలో, ఉదాహరణకు జెనోవాలో అలా చేస్తే, మొత్తం ధరలో పది శాతం దాకా ఇవ్వడం మా అలవాటు. డ్రైవరే గైడుగా మాట్లాడితే మొత్తం ఆయనకే. ఇంటర్నెట్‌లో బుక్ చేసేటప్పుడు చెల్లింపు పేజీలోనే 18, 20, 25 శాతం అని టిప్పు గడులు కనిపిస్తాయి. వాటిని అలాగే వదిలేస్తే ఏదో ఒకటి దానంతట అదే చేరిపోవచ్చు. సేవ పొందక ముందే టిప్పు కట్టనక్కరలేదు, సున్నా ఎంచుకుని తరువాత చేతికి ఇవ్వండి. బార్సిలోనాలో "ఉచిత నడక పర్యటన" అని కనిపించేవాటి సంగతి పూర్తిగా వేరు. అక్కడ గైడుకు టిప్పే ఆదాయం, కాబట్టి పెద్దవారికి తలకు 10 యూరోల వంతున ఇవ్వడానికి సిద్ధపడితేనే ఆ బృందంలో చేరండి.

ఇవ్వకూడని చోట్లు, తగ్గించవలసిన సందర్భాలు కూడా ఉన్నాయి. మీ ఎక్స్‌కర్షన్ టికెట్టు మీద టిప్పులు ధరలోనే కలిసి ఉన్నాయని రాసి ఉంటే ఇక ఇవ్వనక్కరలేదు, కాబట్టి ఆ చిన్న అక్షరాలను చదవండి. నౌక నుంచి ఎక్స్‌కర్షన్‌కు తోడుగా వచ్చే సిబ్బందికి విడిగా ఇవ్వనక్కరలేదు. గైడు మైకులో "తలకు ఇంత ఇవ్వాలి" అని మొత్తం ప్రకటిస్తే దానికి కట్టుబడవలసిన పని లేదు. మీరు ముందే అనుకున్నది ఇవ్వండి. ఎక్స్‌కర్షన్‌లో సగం సమయం దుకాణాల్లోనే గడిపి, చూడవలసిన చోట హడావిడిగా లాక్కుపోయిన గైడుకు నేను ఏమీ ఇవ్వను, నౌక ఎక్కాక డెస్కులో ఫిర్యాదు కూడా చేస్తాను. టర్కీలోని కుశాదసి రేవు నుంచి ఎఫెసస్ శిథిలాలకు వెళ్లినప్పుడు తివాచీల దుకాణానికి తీసుకెళ్లడం మామూలు. అక్కడ అమ్మకాల మీద గైడుకు కమీషను ముట్టవచ్చు. అది ఆ దుకాణానికీ గైడుకూ మధ్య వ్యవహారం. కొనలేదన్న మొహమాటంతో టిప్పు పెంచవద్దు, కొన్నామన్న లెక్కతో మానేయవద్దు. ఇలాంటి రోజుల్లో కూడా డ్రైవరుకు ఇచ్చేది మాత్రం తగ్గించకండి. దుకాణం దగ్గర ఆపమన్నది ఆయన కాదు, రోడ్డు మీద రద్దీకీ ఆయన బాధ్యుడు కాడు.

వేరే దారిలో క్రూజ్‌కు వెళ్లేవారికి కూడా ఇది ఉపయోగపడవచ్చు కనుక మరికొన్ని దేశాల సంగతి చెబుతాను.

సియాటిల్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లి అక్కడి నుంచి అలాస్కా క్రూజ్ ఎక్కే తల్లిదండ్రులు చెన్నై, బెంగళూరుల నుంచి ఏటా పెరుగుతున్నారు. అక్కడ లెక్క యూరప్ కన్నా ఎక్కువ. జూనోలో గానీ, స్కాగ్‌వేలో గానీ సగం రోజు ఎక్స్‌కర్షన్‌కు నడిపేవారే వివరించేవారైతే తలకు 5 నుంచి 10 డాలర్లు, విడివిడిగా ఉంటే గైడుకు 5, డ్రైవరుకు 2 లేదా 3 ఇవ్వడం ఆనవాయితీ. తిమింగలాలను చూపించే పడవల్లో సాధారణంగా ఒక డబ్బా పెడతారు, అందులో వేసింది సిబ్బంది పంచుకుంటారు. అమెరికాలో టిప్పులు అందుకునే పనివారికి యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలన్న ఫెడరల్ నియమం ఉన్న మాట నిజమే, అది 1991 నుంచి మారలేదు. కానీ అలాస్కా రాష్ట్రంలో టిప్పులను చూపించి కనీస వేతనం తగ్గించడానికి వీల్లేదు. కాబట్టి "మీరు ఇవ్వకపోతే పస్తులే" అన్న మాటకు బెదిరిపోనక్కరలేదు. అయినా అక్కడి పని కాలం సుమారుగా మే నుంచి సెప్టెంబరు దాకానే. గైడ్లలో చాలామంది ఆ కొద్ది నెలల కోసం దూర ప్రాంతాల నుంచి వచ్చిన యువకులే. ఒక ముఖ్యమైన మినహాయింపు: గ్లేషియర్ బేలో నౌక ఎక్కి హిమానీనదాల గురించి వివరించే నేషనల్ పార్క్ రేంజర్లు ప్రభుత్వోద్యోగులు, వారికి టిప్పు ఇవ్వబోవడం వారిని ఇరుకున పెట్టడమే. శ్రద్ధగా విని, ప్రశ్నలు అడిగితే వారు ఆనందిస్తారు.

జపాన్‌లో టిప్పు ఆచారం లేదు. బలవంతంగా చేతిలో పెడితే వారు ఇబ్బంది పడతారు, ఎంతో తృప్తి కలిగితే శుభ్రమైన కవరులో పెట్టి రెండు చేతులా ఇవ్వవచ్చు, వద్దంటే ఊరుకోవాలి. నార్వే, ఆస్ట్రేలియా, న్యూజిలాండులలో ఎదురుచూడరు, ఇస్తే తీసుకుంటారు. సింగపూర్‌లోనూ అంతే. అదే నౌక ఫుకెట్‌లో ఆగితే మాత్రం గైడుకు తలకు 50 నుంచి 100 బాత్‌లు, డ్రైవరుకు అందులో సగం ఇవ్వడం మంచిది. ఈజిప్టులో అలెగ్జాండ్రియా నుంచి కైరోకు సుమారు 220 కిలోమీటర్లు, పోను మూడు గంటలు రాను మూడు గంటలు. గైడుకు తలకు 5 డాలర్లు, డ్రైవరుకు 2 లేదా 3 ఇవ్వండి. అక్కడ మరుగుదొడ్డి దగ్గర, ఫొటో తీసిపెట్టినచోట కూడా చేయి చాస్తారు కాబట్టి స్థానిక చిన్న నోట్లు విడిగా ఉంచుకోవాలి. 2023 జూన్‌లో చెన్నై రేవు నుంచి శ్రీలంకకు క్రూజ్ మొదలైనప్పుడు హంబన్‌టోట, ట్రింకోమలీ వెళ్లిన మా వాళ్లకు నేను చెప్పింది, రోజంతా తిప్పిన డ్రైవరుకు కుటుంబం మొత్తానికి 3,000 శ్రీలంక రూపాయలు. అక్కడ డ్రైవర్లలో కొందరితో తమిళంలో మాట్లాడుకోవచ్చు కాబట్టి మన చెన్నై వాళ్లకు ఏ ఇబ్బందీ రాదు.

టిప్పుకు బదులుగా మిఠాయి పొట్లమో, చిన్న కానుకో ఇవ్వవచ్చా అని కొందరు అడుగుతుంటారు. టిప్పుతో పాటు ఇవ్వండి, టిప్పుకు బదులుగా వద్దు. నౌక నుంచి పండ్లు, వండిన పదార్థాలు ఒడ్డుకు తీసుకెళ్లడం చాలా రేవుల్లో నిషేధం. అమెరికా, ఆస్ట్రేలియాలలో ఆ తనిఖీ కఠినంగా ఉంటుంది, కాబట్టి ఆ ఆలోచనే వద్దు.

మామగారి ప్రశ్న న్యాయమైనదే. కట్టిన డబ్బులో ఏముందో అడిగే హక్కు ఆయనకుంది, దానికి జవాబు పైన చెప్పాను. ఆయనకు ఇంకొక మాట కూడా చెప్పండి. పెళ్లిలో మేళగాళ్లకు మాట్లాడుకున్న సొమ్ము పూర్తిగా ముట్టజెప్పాక కూడా, బాగా వాయించారని పెద్దవారు పిలిచి చేతిలో నోటు పెడతారు. ఎక్స్‌కర్షన్ చివర ఇచ్చేదీ ఆ వరసలోదే. వీలైతే రోమ్‌లో గైడుకు ఇవ్వవలసింది మామగారి చేతే ఇప్పించండి. ఇంటి పెద్ద చేతుల మీదుగా ఇవ్వడం మనకూ బాగుంటుంది, పుచ్చుకునేవారికీ గౌరవంగా ఉంటుంది. మా బృందాల్లో మొదటి రేవులో అభ్యంతరం చెప్పిన పెద్దలే మూడో రేవుకు వచ్చేసరికి "డ్రైవరుది ఇచ్చారా?" అని అడగడం నేను చూస్తూనే ఉన్నాను.

మిగిలింది జెనోవా. అక్కడ ఎక్స్‌కర్షన్ తీసుకోలేదన్నారు. రేవు నుంచి పాత నగరం దగ్గరే కాబట్టి మెల్లగా నడిచి చూడవచ్చు. అత్తగారి కోసం టాక్సీ తీసుకుంటే మీటరు చూపిన మొత్తాన్ని పై యూరోకు సరిచేసి ఇస్తే చాలు, పెట్టెలు ఎత్తించినప్పుడు మాత్రం పెట్టెకు ఒక యూరో చొప్పున కలపండి. చివరి రోజు బార్సిలోనాలో దిగాక విమానాశ్రయానికి వెళ్లేటప్పుడు కూడా ఇదే లెక్క. ఆరుగురికి పెట్టెలు ఎక్కువ ఉంటాయి కనుక పెద్ద వ్యాను ముందే చెప్పి ఉంచుకోండి, మిగిలిన ఐదు యూరోల నోట్లలో ఒకటి ఆ డ్రైవరు కోసం విడిగా పెట్టుకోండి.